విమానకథలును వీరపూజయు

విమానములో జరుగు ఉత్కంఠకథను తెలుగు ప్రేక్షకుడు ఆదరింపడనియు, విమానముకంటె పెద్దవాడైన కథానాయకునే యాతడు చూడగోరుననియు మన చిత్రనిర్మాతలలో నొక సిద్ధాంతము పాతుకొనిపోయినది. అట్టి చిత్రమేదైన దెబ్బతిన్నప్పుడెల్ల ఈ సిద్ధాంతము తిరిగి తల యెత్తును. లోపము కథయందు లేదట, చూచువానియందున్నదట! నరసరావుపేటలో టిక్కెట్టు కొన్నవానికి, మాచర్లలో ఈల వేసినవానికి, గురజాలలో రెండవ ఆటకు నడిచివచ్చినవానికి పాటయు పోరాటమును లేనిదే పూట గడవదట! సొమ్ము మనయొద్ద పుచ్చుకొని నిందయు మనమీదనే మోపు ఈ వ్యాపారనీతిని ఒకమారు పరీక్షింపవలసియున్నది. సాయంకాలము పఠనమందిరములలో పత్రికచుట్టు చేరి సినిమాలనుగూర్చి వాదించుకొను మన పాఠకులే ఈ వివాదమునకు తీర్పరులుగా నుందురుగాక.

మా పక్షమేదో ముందే చెప్పివేయుచున్నాము. విమానకథ జయించుట తారవలన గాదు, వ్యయమువలన గాదు, జెండా చూపుటవలనను గాదు. మూసిన తలుపునకు లోబడి కథ నడచినంతసేపు అది జయించును. ఒక్కనికొరకు ఆ తలుపు తెరచిన క్షణముననే అది కూలును. చిత్రకళలో నిది చిన్న సూత్రమువలె దోచవచ్చును. కాని ఆపద వచ్చినప్పుడు ప్రజ యెట్లు ఆలోచింపవలెను, ఎవరిని ప్రశ్నింపవలెను అను పెద్దమాట ఇందిమిడియున్నది. దానికి తుదను వత్తుము.

విమానమనగా నేమి? నేలకు సుమారు 35,000 అడుగుల యెత్తున, బయట సున్నకు దిగువ 50 డిగ్రీల చలిలో, గంటకు 800 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవు నొక గొట్టము. అందులో వందలకొలది అపరిచితులు. వారిలో నెవ్వరికిని దిగుటకు వీలులేదు, పారిపోవుటకు చోటులేదు, కేకవేసిన వచ్చువాడు లేడు. లోపలిగాలి ఒత్తిడి తలుపును పలుటన్నుల బరువుతో చట్రమునకు అదిమిపట్టియుండును గనుక ఆ యెత్తున ఎంతటి బలశాలియు దానిని తీయజాలడు. లోపలి ఒత్తిడి పోయినచో సామాన్యునకు తెలివి నిలుచునది ఒక్క నిమిషమునకు లోపే. పైనుండి వ్రేలాడు ఆక్సిజన్ మాస్కులు పది పదిహేను నిమిషములు మాత్రమే పనిచేయును. ఆలోపల పైలట్ విమానమును పదివేల అడుగులకు దింపవలెను. ఇవి పైలట్లకు మాత్రమే చెందిన విషయములని త్రోసివేయరాదు. విమానకథకు ప్రాణమిచ్చునవి ఈ నియమములే. వీధిలో జరుగు కథయందు చిక్కు పడినప్పుడు రచయిత ఒక పాత్రను బయటకు పంపి ఊపిరి పీల్చుకొనగలడు. విమానములో ఆ వెసులుబాటు లేదు. ఉన్నవారితోనే, ఉన్న చోటనే, ఉన్న వ్యవధిలోనే చిక్కు విప్పవలెను.

ఆ వ్యవధిని కొలుచునది ఇంధనము. 1983 జూలై 23న కెనడాలో ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానమునకు ఆకాశమధ్యమున ఇంధనము నిండుకొని రెండు ఇంజనులును ఆగిపోయెను. గాలిలో జారుకొనుచు వచ్చి యది గిమ్లీ అను చోట వైమానికదళము విడిచిపెట్టిన పాత రన్‌వేపై దిగినది. అందలి 69 మందియు బ్రతికిరి. ఇంతకును కారణమేమి? పౌండ్లకును కిలోగ్రాములకును మధ్య జరిగిన లెక్కపొరపాటు. ఇందు దుష్టుడు లేడు, తుపాకి లేదు, బాంబు లేదు. ఒక గుణకారము తప్పినది. అరువదితొమ్మిది ప్రాణములు గాలిలో వ్రేలాడినవి. ఇంతకుమించిన కథావస్తువు నే రచయిత కోరును? కాని మనవారు తీయు విమానదృశ్యములను చూడుడు. కథానాయకుని ఉపన్యాసము ముగియువరకు ఇంధనము తరుగదు. నడుమదారిలో పదిమందితో కలియబడుటకు చోటు చాలును. గుండు తగిలినను గోడకు తూటుపడదు. పడినచో ప్రతినాయకుని మాత్రమే ఎన్నుకొని బయటకు లాగివేయును! నియమము లేని ఆటలో గెలుపునకు రుచి యెక్కడిది?

కథ యొక్కటే యైనను జయాపజయములు వేరగుట కొక విచిత్రమైన నిదర్శనము గలదు. 1957లో అమెరికాలో ‘జీరో అవర్’ అను చిత్రము వచ్చినది. విమానమందలి భోజనమువలన పైలట్లును ప్రయాణికులును జబ్బుపడుదురు. యుద్ధస్మృతులతో క్రుంగిపోయిన పూర్వపు పైలట్ ఒకడు దానిని దింపవలసివచ్చును. నాటివారు దానిని గంభీరముగనే చూచిరి. 1980లో ‘ఎయిర్‌ప్లేన్’ అను హాస్యచిత్రము తీసినవారు ఆ పాతచిత్రపు హక్కులే కొని, కథను, అనేక సంభాషణలను ఉన్నవున్నట్లుగనే వాడుకొనిరి. జనము పొట్ట చెక్కలగునట్లు నవ్విరి. ఆ ఇరువదిమూడేండ్లలో విమానాపాయములపై చిత్రములు గుంపులుగా వచ్చిపడినవి. ప్రతిదానియందును అదే సన్యాసిని, అదే గర్భిణి, అదే రోగియగు పసిబిడ్డ, అదే చెమటకార్చు పైలట్. పనిముట్టు అరిగిపోయిన తరువాత అది భయమును కోయదు, నవ్వునే పుట్టించును. హాస్యకారులు క్రొత్తగా కల్పించినది స్వల్పము. ఉత్కంఠచిత్రములు తీసినవారు తామెరుగకయే హాస్యము తీయుచున్నారని మాత్రము వారు చాటిరి. నేడు మన హాళ్లలో గంభీరఘట్టములందు ముందువరుసనుండి నవ్వులు వినబడుచుండగా నిర్మాతలు ప్రేక్షకుని కుసంస్కారమని నొచ్చుకొందురు. ఆ నవ్వు కుసంస్కారము కాదు, అదియే విమర్శ.

2006వ సంవత్సరము మరియొక పాఠము నేర్పినది. ఆ యేటనే రెండు విమానచిత్రములు వెలువడినవి. ఒకదానిలో విమానమునిండ పాములు. పేరు వినినంతనే ప్రపంచము గలభా చేసినది. విడుదలకు పూర్వమే పాటలు, పరిహాసములు, ప్రకటనలు. తీర విడుదలయైన పిదప ఆ ఆర్భాటమునకు తగిన వసూళ్లు రాలేదు. పేరులోనే కథ యంతయు వినినవాడు హాలునకు పోనేల? రెండవది పాల్ గ్రీన్‌గ్రాస్ తీసిన ‘యునైటెడ్ 93’. 2001 సెప్టెంబరు 11న అపహరింపబడి, ప్రయాణికులు తిరుగబడగా పెన్సిల్వేనియా పొలములలో కూలిపోయిన విమానపు కథ యది. పేరుమోసిన తార ఒక్కడును లేడు. ఆనాడు నేలపై విధులలోనున్న అధికారులలో కొందరు తమ పాత్రలను తామే ధరించిరి. వ్యయము హాలీవుడ్ లెక్కలో స్వల్పము. సుమారు ఒకటిన్నర కోటి డాలర్లు. వచ్చినది దానికి పలురెట్లు. ముగింపు ఏమగునో చూచువారికందరకును ముందే తెలియును. తెలిసియు చేతులు బిగబట్టుకొని కూర్చుండిరి.

తెలిసిన ముగింపునకు ఉత్కంఠ యెట్లు కలుగునని అడుగువారు పల్నాటికి రావలెను. కార్తికమాసపు అమావాస్యనాడు కారెంపూడిలో వీరుల ఉత్సవములు మొదలగును. పండ్రెండవ శతాబ్దపు యుద్ధమును ఎనిమిదివందల యేండ్లు దాటిన పిదపను మనవారు ఐదునాళ్లు స్మరింతురు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాగులేటి యొడ్డున జరిగినదేమో పసిబిడ్డకును తెలియును. బాలచంద్రుడు తిరిగిరాడని తెలియనివాడు పల్నాటిలో లేడు. అయినను వీరగాథ వినుచు రాత్రులు తెల్లవారును. ఈ కథయే ‘పల్నాటి యుద్ధము’ అను పేరుతో 1947లోను, మరల 1966లోను తెరకెక్కినది. రెండుమారులును జనము ముగింపు తెలిసియే పోయిరి. ఏమగునోయను కుతూహలము మొదటిసారి చూచునప్పుడే కరగిపోవును. ఇట్లు కాకుండ మరలింపదగిన క్షణమొకటి కథలో నున్నదే, ఆ క్షణమున నెవడు నోరు మెదపలేదు, ఎవడు తొందరపడినాడు అను వేదన యెన్నిమారులైనను నిలుచును. కోడిపందెము నాపదగియుండెను, ఆపలేదు. అలరాజు రాయబారము ఫలింపదగియుండెను; విషము పెట్టిరి. శ్రోత గుండె పట్టుకొనునది ఈ తావులలోనే. కత్తులు కలిసిన పిదప కథ వేగముగా సాగును. ఆ వేగమునకు పూర్వమున్న జాగునందే ఉత్కంఠ యున్నది.

ఐదునాళ్లలో నొకనాటిని మన పెద్దలు రాయబారమునకే కేటాయించిరనుట గమనింపుడు. అపహరింపబడిన విమానపు కథకు నడిబొడ్డు రాయబారమే. లోనివానికి ఆయుధమున్నది, వ్యవధి లేదు. వెలుపలివానికి బలగమున్నది, స్వేచ్ఛ లేదు. ఇద్దరి నడుమ నొక రేడియో. ప్రతి మాటకును ఒక ప్రాణపు తూకము. ఈ రహస్యమును తెలుగున గ్రహించిన చిత్రము ఒకటి గలదు. 2011 ఫిబ్రవరిలో విడుదలయైన ‘గగనము’. రాధామోహన్ రచించి దర్శకత్వము వహించినది. అరవమున ‘పయనము’ అను పేర వచ్చినది. చెన్నపట్టణమునుండి ఢిల్లీకి పోవు విమానమును ముష్కరులు వశపరచుకొందురు. పెనుగులాటలో ఇంజను దెబ్బతిని విమానము తిరుపతిలో దిగవలసివచ్చును. అప్పటినుండి కథ కదలని విమానములోను, దానిని చూచుచు నిలిచిన అధికారుల గదిలోను నడచును. వారు విడిపింపగోరిన నాయకుడు మార్గమధ్యమున మరణింపగా, ఆ మరణమును దాచి, వానిని పోలిన నటునొకని తెచ్చి శిక్షణ నిచ్చుట ప్రభుత్వమునకు గత్యంతరమగును. చిత్రమునందు పాటలు లేవు. నాగార్జునవంటి తార కమాండో అధికారిగా నుండియు చిత్రములో అధికభాగము వేచియుండువాడే. ఆజ్ఞకొరకు, సమాచారముకొరకు, తగిన క్షణముకొరకు. తెలుగు కథానాయకుని వేచియుండజేసిన దర్శకునకు ధైర్యము గలదని చెప్పవలసినదే.

ఆ ధైర్యము మరియొక పాత్రయందు ఇంకను స్పష్టమగును. ప్రయాణికులలో నొకడు సినిమా కథానాయకుడు; పేరునకు ముందు మెరయు బిరుదు గలవాడు; తెరపై వందలమందిని ఒంటిచేత కూల్చినవాడు. ప్రక్కసీటులో వాని వీరాభిమాని. తుపాకి కనబడినంతనే ఈ మహావీరుడు ముడుచుకొని కూర్చుండును. అభిమాని వానివైపు చూచుచునేయుండును. ఇప్పుడు లేచునేమో, ఇప్పుడు తన్నునేమో! హాలంతయు నవ్వినది. నవ్విన పిదప కొందరికి గుచ్చుకొనియు నుండును. ఆ అభిమాని మనమే గనుక. తెలుగుచిత్రము తన దేవుని తానే అద్దమున జూపిన అరుదైన ఘట్టమది. లోపములు లేవని మేమనము. ప్రయాణికులలో కొందరు మనుష్యులకంటె మచ్చుబొమ్మలుగనే మిగిలిరి. తుదకు పరిష్కారము కమాండోల దాడియందే దొరకినది. రాయబారముపై నిర్మించిన మేడకు కప్పు మాత్రము అలవాటుగా వేసిరి. కాని ఆ చిత్రమును నేటికిని పెద్దలు తలచుకొందురు, పిల్లలకు చూపుదురు. పాటలు లేని విమానకథను తెలుగువాడు సహింపడను సిద్ధాంతమునకు ఇంతకన్న సమాధానమేల?

ఇక పదమూడేండ్లు గడచిన తరువాతి సంగతి. 2024 మార్చి 1న ‘ఆపరేషన్ వాలెంటైన్’ అను చిత్రము తెలుగునను హిందీయందును వచ్చినది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో నలువదిమంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు బలియగుటయు, దానికి ప్రతిగా అదే నెల 26న బాలాకోట్‌పై మన వైమానికదళము దాడి సలుపుటయు దానికి ప్రేరణ. వస్తువు ఘనమైనది, యుద్ధవిమానమును తెలుగుతెరపై నిలుపు ఉద్యమము మెచ్చదగినది. ప్రయాణికవిమానము కాదుగదా యందురేమో. ఒంటరి పైలట్ కూర్చుండు ఇరుకుగది అంతకంటెను బిగువైన మూసినతలుపు. అయినను చిత్రము నిలువలేదు. ఏల? అందలి నాయకునికి యంత్రముతో పోరాటము లేదు, ఇంధనముతో బేరము లేదు, ఆజ్ఞకును అంతరాత్మకును మధ్య వచ్చు చిక్కు పైపైననే తేలిపోయినది. కంప్యూటరు గీసిన ఆకాశమున బొమ్మవిమానములు బొమ్మవిమానములను తరుముచుండగా ఎవ్వని ప్రాణము పోవునను భీతి మనకు కలుగదు. ఆ వెలితిని దేశభక్తి పూరించునని తలచిరి. జెండా పవిత్రమైనది గనుకనే దానిని చిరుగులు కప్పు వస్త్రముగా వాడరాదు. నిజముగా దేశమును ప్రేమించువాడు ఆ జవానుల మరణమునకు తగిన కథను వ్రాయుటకు మరి రెండేండ్లు శ్రమించును.

దేశభక్తిచిత్రమెట్లుండవలెనో 2016లో రామ్ మాధ్వానీ తీసిన ‘నీర్జా’ను చూచినవారెరుగుదురు. 1986 సెప్టెంబరు 5న బొంబాయినుండి కరాచీకి చేరిన పాన్ ఆమ్ విమానములో సుమారు 380 మంది యుండగా ముష్కరులు ప్రవేశించిరి. సిబ్బంది హెచ్చరింపగా పైలట్లు తమ గదికప్పునందలి ద్వారముగుండ దిగిపోయిరి. ఇది పిరికితనమని తొందరపడి యనరాదు. నడుపువాడు లేని విమానము ఎగురజాలదు, ఎగురనిదానిని ఎక్కడికిని కొనిపోలేరు. పాసుపోర్టులు పోగుచేయుడని ఆజ్ఞ కాగా నీర్జా భానోత్ అను యువతి, ఆమె తోడి సిబ్బంది, అమెరికనుల పాసుపోర్టులను సీట్లక్రింద దాచిరి. పదునేడు గంటలు గడచినవి. విద్యుత్తునిచ్చు సహాయయంత్రము ఆగి దీపములారిపోగా ముష్కరులు కాల్పులకు దిగిరి. నీర్జా తలుపు తెరచి ప్రయాణికులను బయటకు పంపుచు తాను నేలకొరిగినది. ఇరువదిమూడేండ్లు నిండుటకు రెండుదినములు తక్కువ. దేశము అశోకచక్ర నిచ్చి గౌరవించినది. ఆమె యెవ్వరిని కొట్టలేదు. ఒక్క గుండు పేల్చలేదు. ఆమె చేసినవన్నియు చిన్నపనులు: ఒక పుస్తకము దాచుట, ఒక గ్లాసు నీరిచ్చుట, ఒక తలుపు తీయుట. తలుపు తెరచుట అను కార్యమునకు ప్రాణమంత విలువ కట్టిన చిత్రమది. దేశమంతట జనము ఆదరించిరి.

ఇక ఆక్షేపణలు. తారలేనిదే డబ్బు పుట్టదందురు. అట్లైన 2022లో మన మాచర్ల పేరే గోడపత్రికకెక్కించుకొని, తారను, పాటలను, పోరాటములను సమృద్ధిగా గూర్చిన ‘మాచర్ల నియోజకవర్గము’ ఏల వెలవెలపోయినది? ఊరిపేరు వాడుకొన్నంత మాత్రమున ఊరివారు మోసపోవుదురా? తార యున్నను కథ లేనిదానిని పల్నాటివాడును తిరస్కరించెనుగదా! వ్యయము పెరుగునందురు. విమానకథలో అధికభాగము ఒక్క గొట్టములో, ఒక్క గదిలో జరుగును. విదేశములకు పోయి తీయు రెండు పాటల సొమ్ముతో ఆ సెట్టు వేసి, పైలట్లతో, విమానసిబ్బందితో మాటాడి, ఏడాదిపాటు రచయితను కూర్చుండబెట్టవచ్చును. ఇందు ఖరీదైనది ఆలోచన యొక్కటే. మన పరిశ్రమలో కొరతపడినదియు నదియే.

కడపటి ఆక్షేపణ వినోదవాదులది. సినిమా పాఠశాల కాదుగదా, రెండు గంటలు మరపు కలిగిన చాలదా యందురు. ఇచ్చటనే మేము పైని వాయిదా వేసిన పెద్దమాట చెప్పవలసియున్నది.

1999 డిసెంబరు 24న కాఠ్మాండునుండి ఢిల్లీకి వచ్చుచున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐ.సి. 814 విమానము అపహరింపబడినది. ఇంధనము తక్కువయగుటచే అది అమృత్‌సర్‌లో దిగెను. మన నేల, మన రన్‌వే, మన పోలీసు. విమానము అచట సుమారు ముప్పావుగంట నిలిచినది. ఢిల్లీలో సంఘము కూడినది. ఆజ్ఞలు పైనుండి క్రిందికి, ప్రశ్నలు క్రిందినుండి పైకి ప్రయాణము చేసినవి. కమాండోలు చేరకముందే, ఇంధనమైన నింపుకొనకయే, విమానము లేచిపోయినది. లాహోరు, దుబాయి, తుదకు 25వ తేది ఉదయమున కాందహార్. ఒక ప్రయాణికుడు హతుడయ్యెను. 31వ తేదిని ముగ్గురు ముష్కరులను విడిచి తక్కినవారిని తెచ్చుకొంటిమి. ఆ ముగ్గురిలో నొకడు మసూద్ అజహర్. మరుసటియేటనే వాడు జైషె మహమ్మద్ అను ముఠాను స్థాపించెను. పుల్వామా ఘాతుకము తనదేయని చాటుకొన్నది ఆ ముఠాయే. 2024 నాటి చిత్రమునకు ప్రేరణయైన బాలాకోట్ దాడికి మూలమును వెదకుచు వెనుకకు నడచినచో, అమృత్‌సర్ రన్‌వేపై నిరర్థకముగా గడచిన ఆ ముప్పావుగంటయొద్దకు చేరుదుము!

ఆ ముప్పావుగంటయే మన దేశమున వ్రాయదగిన విమానకథ. అందు వీరుడు లేడు. ఎవరి ఆజ్ఞ యెవరికి చేరలేదు? రన్‌వేకు అడ్డుగా నొక వాహనమును నిలుపుటకు ఎవరి అనుమతి కావలసివచ్చెను? తప్పు చేయుదునేమోయను భయముతో ఏమియు చేయకుండుట తప్పుకాదా? ఇవి ప్రజ అడుగవలసిన ప్రశ్నలు. కాని ఒంటిచేత ఇరువదిమందిని కూల్చు నాయకుని వందచిత్రములలో చూచిన ప్రజ ఈ ప్రశ్నల నడుగదు. ‘అచట మన వీరుడొక్కడున్నచో!’ అని నిట్టూర్చి యింటికి పోవును. వ్యవస్థ తప్పిన తావున వ్యక్తి లేడని చింతించుట నేర్పిన వినోదము నిరపాయమైనదని యెట్లనగలము? 2024లో ఈ ఘటనపై అనుభవ్ సిన్హా తీసిన హిందీధారావాహిక నెట్‌ఫ్లిక్స్‌లో రాగా దేశమంతట గలభా చెలరేగినది. దేనిగూర్చి? ముష్కరులు తమలో తాము పిలుచుకొన్న మారుపేర్లగూర్చి! పేర్ల రగడలో అమృత్‌సర్ ప్రశ్న మరల మరుగుపడినది.

నేడు మన ప్రేక్షకుడు పాత ప్రేక్షకుడు కాడు. మాచర్లకు చేరువ నాగార్జునసాగరమువద్ద నున్న పాత రన్‌వేనుండి ప్రయాణికవిమానములు నడవకపోవచ్చును; కాని నరసరావుపేటనుండి గన్నవరమునకో, శంషాబాదునకో పోయి కొడుకును అమెరికా విమానమెక్కించని వీధి మన పట్టణములలో అరుదు. మనుమని చూడ తొలిసారి ఒంటరిగా సముద్రములు దాటిన అవ్వలు మన యిండ్లలోనే యున్నారు. మాట తెలియని ప్రక్కవాని సాయముతో బెల్టు బిగించుకొని, గాలికుదుపునకు కోటప్పకొండ త్రికూటేశ్వరుని తలచుకొనుచు పదునారుగంటలు కూర్చున్న ఆ అవ్వకు విమానమనగా నేమో తెలియును. ఆమెకు అబద్ధపు విమానమును చూపి మెప్పింపలేరు. ఆమెను ఆ సీటులో కూర్చుండబెట్టి, తలుపు మూసి, కథ మొదలిడుడు. ఆపద వచ్చినప్పుడు ఆమె యేమి చేయును? ప్రక్కవాడేమి చేయును? తెలుగు రచయితకు ఈ ప్రశ్న చాలదా?

నిర్మాతలకు మా మనవి యొక్కటే. ప్రేక్షకుని నిందించుట మానుడు. కథలో తలుపు మూయుటకు ధైర్యము తెచ్చుకొనుడు. మీ తార గొప్పవాడైనచో వానిని వేచియుండజేయుడు, భయపడజేయుడు, తప్పు చేయజేయుడు. అప్పుడు వాని ధైర్యమునకు మేము నిజముగా చప్పట్లు కొట్టుదుము. పాఠకమహాశయులకును ఒక మాట. ఈలయు టిక్కెట్టును రెండును మన చేతిలోనివే. గుండుదెబ్బకు తరుగని ఇంధనమును, తన్నుకు తెరచుకొను తలుపును చూచినప్పుడు ఈల వేయక నవ్వుడు. అమృత్‌సర్‌ను అడిగిన చిత్రము వచ్చినప్పుడు, తార లేడని సందేహింపక హాలు నింపుడు. కారెంపూడిలో రాయబారమునాడు మేలుకొని కూర్చుండనేర్చిన జాతికి ఈపాటి వివేకము క్రొత్తగా నేర్పవలసినది కాదు.